స్ప్లెండర్ వెనక షాకబ్జర్లు ఇంటి దగ్గరే మార్చుకున్న సంగతి

ఈమధ్య ఒక ఆదివారం మా స్ప్లెండర్‌కి వెనక షాకబ్జర్లు రెండూ ఇంటి ముందు వేపచెట్టు కింద నేనే మార్చుకున్నాను. ఘనకార్యమేమీ కాదు. విప్పేవి నాలుగు నట్లు, బిగించేవి ఆ నాలుగే. కానీ ఎట్లా మార్చావు, ఎంతయింది, మేం కూడా చేసుకోవచ్చా అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకేచోట రాసి పెడితే నయమనిపించింది.

నా బండి మీద రోజూ ఏం ఎక్కుతుందో ముందు చెప్పాలి, లేకపోతే షాకబ్జర్ల కోసం ఇంత గొడవేంటి అనుకుంటారు. నేను గోపాలమిత్రని. చీమకుర్తి చుట్టుపక్కల ఊళ్ళలో ఎదకొచ్చిన గేదెలకీ ఆవులకీ చూడి కట్టించే సూది వెయ్యడం నా పని. వెనక సీటు మీద మనిషి ఉన్నా లేకపోయినా క్యారియర్ మీద ద్రవ నత్రజని క్యాన్ మాత్రం ఉంటుంది. మూడు లీటర్ల అల్యూమినియం క్యాన్. దాంట్లో మైనస్ 196 డిగ్రీల చలిలో వీర్యం నింపిన సన్న గొట్టాలు, అదే స్ట్రాలు, మునిగి ఉంటాయి. క్యాన్‌కి బయటి గోడ ఒకటి, లోపలి పాత్ర ఒకటి, రెంటి మధ్యా గాలి పీకేసిన ఖాళీ. లోపలి పాత్ర మొత్తం పైన మెడ గొట్టానికే వేలాడుతూ ఉంటుంది. బండి కుదిపినప్పుడల్లా ఆ దెబ్బంతా మెడ అతుకు మీదే పడుతుంది. అతుకు వదిలిందా, ఖాళీలోకి గాలి చేరుతుంది, మెడ చుట్టూ తెల్లగా మంచు కడుతుంది, వారాల తరబడి రావాల్సిన నత్రజని చూస్తుండగానే ఆవిరైపోతుంది. నత్రజని అడుగంటితే స్ట్రాలు చచ్చినట్టే. చచ్చిన స్ట్రాతో సూది వేస్తే గేదె చూడి కట్టదు, రైతుకి మూడు వారాలు దండగ, మాట నాకు.

ఇక మా రోడ్లు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పేరు వినే ఉంటారు, నల్లరాయిలో బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటాయి. ఆ రాయి దేశాలు దాటి పోతుంది గానీ, దాన్ని మోసుకుపోయే లారీలు మా రోడ్లని ఏం చేస్తాయో ఒక్కసారి వచ్చి చూడండి. తారు పక్కకి జరిగి గట్లు కడుతుంది, మధ్యలో బండి చక్రం పట్టేంత గాడి పడుతుంది. లోపలి ఊళ్ళకి తిరిగితే నల్లరేగడి. వానాకాలంలో ట్రాక్టర్లు తొక్కిన బురద ఎండాకాలానికి ఆ అచ్చులతోనే రాయిలాగా బిగుసుకుంటుంది.

బండి షెడ్డులో పెట్టి సాయంత్రం వచ్చి తీసుకుందాంలే అనుకోవడానికి నాకు వీల్లేదు. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం సూది, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున, మా పనికి అదే లెక్క. ఆ సమయం దాటితే మళ్ళీ ఎద వచ్చేదాకా ఆగాల్సిందే. "డాక్టరు గారూ, మా గేదె పొద్దుట్నుంచి ఒకటే అరుస్తుందండీ" అని ఫోన్ చేసినవాడికి, బండి షెడ్డులో ఉంది రేపొస్తాను అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇంటి దగ్గరే విప్పుకుంటే మధ్యలో ఫోనొచ్చినా బిగించుకుని బయల్దేరవచ్చు. నా చేత పానా పట్టించింది అదే.

అసలు విషయానికి వస్తాను. మా వాళ్ళలో చాలామంది షాకబ్జర్ అంటే స్ప్రింగే అనుకుంటారు. స్ప్రింగు విరగలేదు కదా, ఇంకేం పోయింది అంటారు. స్ప్రింగు చేసేది బరువు మొయ్యడం, దెబ్బని మింగడం. మింగిన దెబ్బని అది తనలో ఉంచుకోదు, వెంటనే తిరిగి పైకి తన్నుతుంది. అట్లా తన్నకుండా పట్టి ఉంచేది లోపలున్న నూనె. స్ప్రింగు నడిమధ్య గొట్టంలో నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్‌కి సన్నటి కన్నాలు. మేం సిరంజీ గట్టిగా నొక్కినా మందు సూదిలోంచి తన తీరుబడిగానే వచ్చినట్టు, నూనె ఆ కన్నాల్లోంచే రావాలి కాబట్టి బండి దబ్బున ఎగరలేదు. ఆ రాపిడిలో కుదుపు కాస్తా వేడిగా మారుతుంది. గతుకుల దారిలో కొంత దూరం వచ్చాక ఎడమ షాకబ్జర్ గొట్టాన్ని ముట్టుకుని చూడండి, గోరువెచ్చగా ఉంటే పని చేస్తున్నట్టు. కుడిది వద్దు, పక్కనే సైలెన్సర్ ఉంటుంది, ఆ వేడి చూసి మోసపోతారు, చెయ్యి కూడా కాలుతుంది.

నూనె పోయిన షాకబ్జర్ గట్టిగా కొడుతుందనుకుంటాం గానీ మొదట్లో అట్లా ఉండదు. మెత్తగా, హాయిగా కూడా ఉంటుంది! గుంటలో దిగి లేచాక బండి రెండు మూడుసార్లు పైకీ కిందికీ ఊగుతుంది, మలుపులో వెనకభాగం మన మాట వినకుండా తేలుతుంది. ఆ ఊపులో చక్రం ఒక్కో క్షణం నేలని వదిలేస్తుంది. సరిగ్గా అప్పుడే వెనక బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుని బండి జారిపోతుంది. షాకబ్జర్లు నడుముకి సుఖం కోసమే అనుకునేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. టైరుని నేలకి అంటిపెట్టుకుని ఉంచడమే వాటి అసలు పని.

అందుకే మెత్తటి సీటు కవర్లు కొనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సీటు ఎంత మెత్తగా ఉన్నా అది కాపాడేది కూర్చున్నవాణ్ణే. క్యాన్‌ని కాపాడదు, టైరుని కాపాడదు, ఛాసిస్ అతుకుల్ని కాపాడదు. పాతకాలం మోటార్‌సైకిళ్ళకి వెనక ఏమీ ఉండేది కాదు, చక్రం నేరుగా ఛాసిస్‌కే, సీటు కింద మాత్రం రెండు లావుపాటి స్ప్రింగులు. 1949లో ఇంగ్లండులో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌కి వెనక స్వింగ్ ఆర్మ్, అంటే చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చట్రం, దానికి రెండు షాకబ్జర్లు ఉండటం అప్పట్లో గొప్ప. 1955 నుంచి ఆ బుల్లెట్ మద్రాసులోనూ తయారైంది. డెబ్భై ఏళ్ళు గడిచాక మనం మళ్ళీ సీటు దగ్గరికే పోతున్నాం.

నా బండికి షాకబ్జర్లు పోయాయని ఎట్లా తెలిసిందంటే, మొదట చెప్పింది టైరు. వెనక టైరు మీద అరచేత్తో రాస్తే ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం తగిలింది. గాలి సరిగ్గానే ఉంది. నేల మీద చక్రం నిలకడగా లేకపోతే అట్లా గుంటలు గుంటలుగా అరుగుతుంది. తర్వాత సీటు వెనకభాగాన్ని రెండు చేతులతో బలంగా నొక్కి వదిలాను. బాగున్న బండి పైకి లేచి ఒక్కసారికే కుదురుకోవాలి. నాది లేచి, దిగి, మళ్ళీ లేచింది. వంగి చూస్తే కింది గొట్టం చుట్టూ నూనె, దాని మీద గ్రానైటు పొడి, రెండూ కలిసి బూడిదరంగు ముద్ద. గోరుతో గీకితే పొరలుగా ఊడింది.

ఆ పొడే దొంగ. షాకబ్జర్ లోపలి కడ్డీకి నున్నటి క్రోమ్ పూత ఉంటుంది, దాన్ని అంటుకుని రబ్బరు సీలు ఉంటుంది. పొడి ఆ మధ్యలో చేరి సీలు అంచుని కోస్తుంది, తేమ తగిలి కడ్డీకి చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. ఆ తుప్పు చుక్క పైకీ కిందికీ ఆడినప్పుడల్లా సీలుని ఇంకాస్త కొరుకుతుంది. నూనె మార్చి కొత్త సీలు వేయించుకుంటే తక్కువలో పోతుంది కదా అంటారు. మా టౌన్లోనూ ఆ పని చేసే షాపులున్నాయి. కడ్డీ నున్నగా ఉంటే నేనూ కాదనను. తుప్పు పడ్డ కడ్డీకి కొత్త సీలు వేయిస్తే దాన్నీ కోసేస్తుంది. పైగా కొందరు లోపల ఏ నూనె పోస్తారో ఆ దేవుడికే తెలియాలి. చిక్కటి ఇంజనాయిల్ పోస్తే పిస్టన్ కన్నాల్లోంచి అది కదలదు. వరసగా గతుకులొచ్చినప్పుడు ఒక దెబ్బకి దిగిన షాకబ్జర్ పైకి వచ్చేలోపే రెండో దెబ్బ, మూడో దెబ్బ తగిలి కిందనే ఉండిపోతుంది. అప్పుడది రాయితో సమానం.

ఇంకో సంగతి. పోయిన ఏడాది ఒక మెకానిక్కు నాకు ఎడమవైపు ఒక్కటే మార్చాడు. కారేది అదొక్కటే కదన్నా, రెండోదానికి డబ్బులెందుకు దండగ అన్నాడు. మంచికే చెప్పాడు, కాదనను. కానీ ఒకవైపు కొత్తది గట్టిగా పట్టి, రెండోవైపు పాతది వదిలేస్తే స్వింగ్ ఆర్మ్ మెలి తిరుగుతుంది. ఆ మెలి పడేది దాని కీలు దగ్గర గొట్టాల్లా ఉండే బుష్షుల మీద. ఎప్పుడు మార్చినా జతగానే మార్చాలి.

కొనడానికి ఒంగోలు కర్నూలు రోడ్డుకి వెళ్ళాను. షాపులో మూడు రకాలు పెట్టాడు. ఒకటి హీరో కంపెనీ డబ్బాలోది. ఒకటి గేబ్రియల్, షాకబ్జర్లకి మన దేశంలో పాత పేరు, 1961 నుంచి ఉన్న కంపెనీ. మూడోదానికి డబ్బా మీద పేరుంది గానీ ఎవరు తయారుచేశారో అడ్రసు లేదు, ధర మాత్రం సగం. "ఇది కూడా ఒరిజినలే అన్నా, డబ్బా తేడా అంతే" అన్నాడు షాపతను. చేతిలోకి తీసుకుని, నట్టు బిగించే చోట కన్నంలో ఉండే బుష్షు చూశాను. రబ్బరు ఒకవైపు మందంగా, ఇంకోవైపు పల్చగా ఉంది, నడిమి ఇనప గొట్టం పక్కకి పోయింది. వద్దని హీరో కంపెనీదే తీసుకున్నాను, జత రెండువేల పైచిలుకు. ఏది కొన్నా బండి మోడలూ సంవత్సరమూ చెప్పి అడగండి. నాది 2012 మోడల్ స్ప్లెండర్ ప్లస్. చూడ్డానికి ఒకేలా ఉండి పొడవులో తేడా ఉన్నవి చాలా ఉంటాయి. పొడవు మారితే వెనకభాగం ఎత్తు మారుతుంది, చైన్ నడిచే వాలు మారుతుంది.

శనివారం సాయంత్రమే నట్లకి డీజిల్ పెట్టాను. కిరోసిన్ దొరకడం ఎప్పుడో మానేసింది, ట్రాక్టరున్న బాబాయిని అడిగితే అర గ్లాసు డీజిల్ పోశాడు. ఇక్కడొక చిన్న కిటుకుంది. పై నట్లు మూత ఉన్నవి, డోమ్ నట్లంటారు. వాటి నెత్తిన ఎంత డీజిల్ పోసినా లోపలి మరల్లోకి ఒక్క చుక్క దిగదు. నట్టుకీ వాషర్‌కీ మధ్య సందులోంచే దిగాలి. పాత టూత్‌బ్రష్‌తో ముందు ఆ సందులో మట్టి తోమి, గుడ్డ పేలిక తడిపి చుట్టూ చుట్టి వదిలేశాను. పొద్దున లేచేసరికి గుడ్డకి ఎర్రగా తుప్పు దిగి ఉంది.

పొద్దున్నే ఫోన్లొచ్చిన రెండుచోట్లా పని చూసుకుని వచ్చి, క్యాన్ దింపి నీడన పెట్టి, బండిని డబుల్ స్టాండ్ వేశాను. నేల చదునుగా ఉండాలి, మాకు వాకిట్లో గచ్చుంది. పక్కింటి కుర్రాడు ఇంటర్ చదువుతున్నాడు, సెల్‌ఫోన్ చూసుకుంటూ అరుగు మీద కూర్చున్నవాణ్ణి పిలిచి హ్యాండిల్ పట్టుకోమన్నాను. బిగిసిన నట్టుని లాగేటప్పుడు బండి స్టాండు మీంచి ముందుకి దూకే ప్రమాదముంది, ఒక మనిషి ఉండాల్సిందే.

"మామా, రెండూ ఒకేసారి పీకేస్తే పని తొందరగా అవుద్ది కదా?" అన్నాడు.

"పీకితే చక్రం కింద పడుద్ది. తర్వాత దాన్నెత్తి కన్నాలు కలపడానికి నువ్వూ నేనూ సాయంత్రందాకా కుస్తీ పట్టాలి" అన్నాను.

ఒకదాని తర్వాత ఒకటే విప్పాలి. డబుల్ స్టాండ్ మీద వెనక చక్రం గాలిలో ఉంటుంది, దాన్ని పట్టి ఉంచేది షాకబ్జర్లే. ఒకటి తీసినా రెండోది స్వింగ్ ఆర్మ్‌ని అదే ఎత్తులో నిలబెడుతుంది కాబట్టి, కొత్తది పెట్టేటప్పుడు కన్నాలు ఎదురుబొదురుగా ఉంటాయి. కాస్త తేడా వస్తే టైరు కింద చెక్కపలక పెట్టి కొద్దిగా ఎత్తితే చాలు.

ఎడమవైపు మొదలుపెట్టాను. శారీ గార్డు అడ్డం వస్తుంటే దాని బోల్టులు వదులు చేసి పక్కకి జరిపాను. పై నట్టుకి రింగు పానా వేసి, మొదట బిగించే వైపు ఒక పిసరు నొక్కి, తర్వాత విప్పే వైపు లాగాను. టప్పుమని వదిలింది. నోరు తెరిచిన ఫిక్సు పానా మాత్రం డోమ్ నట్టుకి పెట్టకండి. అంచులు గుండ్రంగా అరిగిపోయి, ఆ తర్వాత ఏ పానా పట్టదు. నట్టు ఊడాక వాషర్లు ఏ వరసలో ఉన్నాయో కుర్రాడి చేత ఫోటో తీయించాను. నా బండికి వెల్డింగ్ షాపులో చేయించిన క్యారియర్ ఉంది, దాని ఇనప పట్టీ కూడా ఆ నట్టు కిందే బిగించి ఉంది. కిందిది ఊడదీసి షాకబ్జర్‌ని ఇటూ అటూ ఆడిస్తూ బయటికి లాగితే తుప్పుపొడి రాలుకుంటూ వచ్చింది.

పాతదీ కొత్తదీ అరుగు మీద పక్కపక్కన నిలబెట్టాం. కన్నం నుంచి కన్నానికి పొడవు సమానం. పాతదాన్ని తలకిందులు చేసి ఊపితే లోపల గలగలమంటోంది, నిండుగా ఉండాల్సిన నూనె సగం కూడా లేదు. కుర్రాడు దాన్ని నేలకి ఆనించి, మొత్తం ఒరిగి నొక్కి వదిలాడు. ఎంత వేగంగా దిగిందో అంతే వేగంగా లేచి గడ్డానికి తగలబోయింది. కొత్తది నొక్కితే దిగింది గానీ లేవడం మాత్రం నిదానంగా లేచింది. "ఓ, ఇదన్నమాట" అన్నాడు. ఇంత పెద్ద పోస్టులో నేను చెబుతున్నది వాడికి ఆ ఒక్క నొక్కుతో తెలిసిపోయింది.

ఛాసిస్ మీది స్టడ్డుని, అంటే నట్టు ఎక్కే మరల కడ్డీని, వైర్ బ్రష్‌తో తోమి, నున్నటి భాగానికి పల్చగా గ్రీజు రాశాను. మళ్ళీ తుప్పు పట్టి బుష్షు అతుక్కుపోకుండా ఉండటానికి. కొత్తదాన్ని ఎక్కించి, వాషర్లు, పట్టీ, నట్టు, అన్నీ చేత్తోనే తిప్పి పెట్టాను. పానా అప్పుడే వద్దు.

డోమ్ నట్టుతో ఇంకో తంటా ఉంది, ఇది మెకానిక్కులు కూడా చాలామంది చూడరు. నట్టుకి నెత్తిన మూత ఉంటుంది కాబట్టి స్టడ్డు కొస లోపల ఆ మూతకి తగిలిందంటే నట్టు ఇక తిరగదు. చేతికి బ్రహ్మాండంగా బిగిసినట్టే ఉంటుంది. కింద వాషర్ మాత్రం వేలితో తిప్పితే తిరుగుతూ ఉంటుంది. అంటే షాకబ్జర్‌ని నట్టు పట్టలేదు, స్టడ్డుని పట్టింది. క్యారియర్ పట్టీ తీసేసిన బండ్లకి ఇది ఎక్కువ, పట్టీ మందం పోయిన మేరకు నట్టు లోపలికి వెళ్ళి మూత తగులుతుంది. అట్లా ఉంటే పట్టీ మందాన ఒక వాషర్ అదనంగా వెయ్యాలి. బిగించాక ప్రతి వాషర్‌నీ వేలితో తిప్పి చూడండి. తిరిగితే ఒప్పుకోవద్దు.

కుడివైపు కింది నట్టు దగ్గరే చెమట పట్టింది. సైలెన్సర్ అడ్డం. పానా పూర్తిగా తిరిగే చోటు లేదు, పెట్టి ఒక పిసరు లాగడం, తీసి తిరగేసి పెట్టడం, మళ్ళీ పిసరు లాగడం. సైలెన్సర్ బోల్టులు విప్పితే చోటు దొరుకుతుంది గానీ, ఇంజన్ దగ్గర దాని గాస్కెట్టు కదిలితే పొగ లీకు మొదలవుతుంది, ఆ తలనొప్పి ఎందుకని ఓపిగ్గా పిసరు పిసరే లాగాను. బండి చల్లగా ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు. ఈలోపు మా ఆవిడ మజ్జిగ తెచ్చి, ఆ నల్లచేతులతో గ్లాసు ముట్టుకోవద్దండీ అని గట్టు మీద పెట్టి వెళ్ళింది. తాగడమెట్లాగో మాత్రం చెప్పలేదు.

నాలుగు నట్లూ చేత్తో పట్టించాక బండిని స్టాండు మీంచి దించి, ఎక్కి కూర్చుని కాసేపు ఊగి, అట్లా చక్రాల మీద బరువు ఉండగానే గట్టిగా బిగించాను. గాలిలో ఉన్నప్పుడు బిగిస్తే బుష్షు రబ్బరు ఆ స్థితిలో పట్టుకుంటుంది, బరువు పడగానే మెలి తిరిగి త్వరగా చిరుగుతుంది. బిగింపు పానా పొడవుకి ఎంత బలమొస్తే అంతే. పానాకి గొట్టం తొడిగి బలమెక్కువ పెట్టొద్దు. స్టడ్డు ఛాసిస్‌కి అతికి ఉంటుంది, అది తెగితే షాకబ్జర్ ఖర్చు పక్కన పెట్టి వెల్డింగ్ వాడి చుట్టూ తిరగాలి.

కొత్తవాటికి కింద మెట్లు మెట్లుగా ఉన్న రింగు ఉంది, అయిదు మెట్లు. హుక్ పానాతో తిప్పితే స్ప్రింగు ముందే కాస్త నొక్కుకుని కూర్చుంటుంది. రెండువైపులా ఒకే మెట్టులో ఉండాలి. నేనూ క్యానూ అయితే రెండో మెట్టు సరిపోయింది. మా ఆవిడా పిల్లాడూ ఎక్కి ఒంగోలు పోయేటప్పుడు పైకి తిప్పుతాను. ఈ మెట్లు స్ప్రింగుకి మాత్రమే సంబంధించినవి. నూనె పోయిన షాకబ్జర్‌కి చివరి మెట్టు పెట్టి బాగుపడిందనుకునేవాళ్ళున్నారు. దానివల్ల బండి ఎత్తు లేస్తుంది, తన్నుడు ఇంకా పెరుగుతుంది, ఊపు మాత్రం ఆగదు.

పల్సర్ ఉన్నవాళ్ళు అడిగారు కాబట్టి ఒక మాట. చాలా పల్సర్లకి షాకబ్జర్ పక్కన చిన్న డబ్బా ఉంటుంది, దాంట్లో ఉండేది నత్రజనే. నా క్యాన్లో ద్రవంగా ఉండే సరుకే అక్కడ వాయువుగా, ఒత్తిడి మీద ఉంటుంది. నూనె వేడెక్కి నురగ కట్టకుండా ఆ ఒత్తిడి పట్టి ఉంచుతుంది. నురగ కట్టిన నూనెలో పిస్టన్‌కి పట్టు దొరకదు. మార్చడం దాదాపు ఇదే పద్ధతి. పాతదాన్ని మాత్రం ఇంటి దగ్గర కొయ్యడం, కన్నం పెట్టడం, మంట చూపించడం చెయ్యొద్దు. నత్రజని అంటుకోదు, నిజమే. కానీ ఒత్తిడి మీదున్న డబ్బా పగిలితే అంటుకోనవసరం లేదు.

పని అయ్యాక చైన్ వదులు చూసుకున్నాను, కొంచెం బిగించాల్సొచ్చింది. వెనకభాగం ఎత్తు పెరిగింది కాబట్టి హెడ్‌లైట్ వెలుగు దగ్గరగా పడుతోంది, రాత్రి గోడ మీద చూసుకుని పైకి సర్దాను. మొదటి రోజు బండి గట్టిగా అనిపించింది. ఇన్నాళ్ళూ అదుపు లేని మెత్తదనానికి అలవాటు పడ్డాం కదా, అదే సగం కారణం. కొత్త సీళ్ళు ఒదగడానికీ కొంత తిరగాలి. వారం తిరిగాక నట్లు మళ్ళీ ఒకసారి పానాతో చూశాను, ఒకటి కొద్దిగా కదిలింది. క్యాన్ మూత తీసి కొలబద్ద దించి చూస్తే మంచు పట్టిన గీత ఉండాల్సిన చోటే ఉంది, మెడ పొడిగా ఉంది. దాంట్లో షాకబ్జర్ల పుణ్యం ఎంతో, క్యాన్ కింద పెట్టిన పాత ట్యూబు చుట్ట పుణ్యం ఎంతో నేను పంచలేను గానీ, రామతీర్థం దారిలో ఆ గాడులు దాటేటప్పుడు క్యాన్ పట్టీలు కిర్రుమనడం మాత్రం తగ్గింది.

పాత షాకబ్జర్ల స్ప్రింగులు గేటుకి కావాలని బాబాయి అడిగాడు. ఇవ్వనన్నాను. ఆ స్ప్రింగు నొక్కుకుని కూర్చుని ఉంటుంది, దాన్ని నొక్కి పట్టే సాధనం లేకుండా పై కాలరు విప్పితే ఎగిరొచ్చి మొహానికి తగులుతుంది. పాత ఇనుము వాడికి తూకానికేశాను. డీజిల్ ఇచ్చిన మనిషికి స్ప్రింగు ఇవ్వలేదని ఇంకా అలిగే ఉన్నాడు.

కుడి షాకబ్జర్ తీసినప్పుడే చక్రం పట్టుకుని పక్కలకి ఊపి చూశాను. స్వింగ్ ఆర్మ్ దగ్గర టక్కు టక్కుమని ఆట ఉంది, బుష్షులు అరిగాయి. దానికి పొడుగు బోల్టు లాగాలి, పాత బుష్షుల్ని కొట్టి తీసి కొత్తవాటిని ప్రెస్‌తో ఎక్కించాలి. ఆ పనికి మాత్రం షెడ్డుకే. మా బావ తన ప్యాషన్ బండి ఒకరోజుకి అరువిస్తానన్నాడు, అది చేతికి రాగానే.